మైక్ అంటే భయమా? పుష్ టు టాక్ ట్రై చేయండి

ఫోన్ రివ్యూల్లో మైక్ క్వాలిటీ గురించి రాస్తాం కానీ, మైక్ ఆన్ చేయాలంటేనే గుండె దడ వచ్చేవాళ్ల గురించి రాయం. నేనూ ఆ బ్యాచే. ఆఫీస్ కాల్‌లో రెండు ముక్కలు మాట్లాడాలన్నా ముందే నోట్‌ప్యాడ్‌లో రాసుకుంటా.

అలాంటి నాకు డిస్కార్డ్‌లో ఫ్రెండ్స్ దొరికారు. 2015లో గేమర్ల కోసం వచ్చిన ఈ యాప్‌లో వాయిస్ ఛానెల్ ఫోన్ కాల్ లాంటిది కాదు. రింగ్ అవ్వదు, ఎవరూ లిఫ్ట్ చేయక్కర్లేదు. అరుగు మీద కూర్చున్నట్టు వెళ్లి, మ్యూట్‌లో ఉండి వినొచ్చు. సెట్టింగ్స్‌లో పుష్ టు టాక్ పెట్టుకుంటే, బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే మన గొంతు వెళ్తుంది. రెండు వారాలు విన్నాకే నేను మొదటిసారి నొక్కా.

ఆ గ్యాంగ్‌లో ఒకడు మా కూకట్‌పల్లిలోనే ఉంటాడట. ‘బ్రో, ఆదివారం టీకి రా’ అన్నాడు. అక్కడ మ్యూట్ ఉండదు కదా! అయినా సరే అన్నా.