మీకు తెలుసా? బుర్రిపాలెం మీదుగా వచ్చిన డిస్కో

కాళ్లను కుదురుగా ఉండనివ్వని తెలుగు ఆల్బమ్ ఏదంటే నా ఓటు 1986 నాటి ‘సింహాసనం’ పాటలకే. కత్తులు, కిరీటాల జానపద కథకు డిస్కో దరువు కట్టడం చిన్న సాహసం కాదు. దాని చుట్టూ ఉన్న సంగతులు ఇవి.

● సంగీత దర్శకుడు బప్పీలహరిని తెలుగుకు తెచ్చింది సూపర్‌స్టార్ కృష్ణ. ఆయన 1943 మే 31న తెనాలి దగ్గరి బుర్రిపాలెంలో పుట్టారు. దర్శకుడిగా కృష్ణకూ, తెలుగులో బప్పీకీ తొలి సినిమా ‘సింహాసనం’. 1986 మార్చి 21న విడుదలైంది. జితేంద్రతో హిందీలోనూ ‘సింఘాసన్’గా తీశారు.

● కృష్ణ, బప్పీల అనుబంధం అంతకుముందే మొదలైంది. కృష్ణ నటించిన ‘ఊరుకి మొనగాడు’ (1981) చిత్రాన్ని ఆయన సొంత సంస్థ పద్మాలయా వారు 1983లో ‘హిమ్మత్‌వాలా’గా హిందీకి తీసుకెళ్లారు. తెలుగులో బాణీలు చక్రవర్తివి, హిందీలో బప్పీవి.

● కృష్ణలాగే ఆ చక్రవర్తిదీ గుంటూరు జిల్లానే, ఊరు పొన్నెకల్లు. బప్పీ పాటలతో దేశాన్ని ఊపేసిన ‘డిస్కో డాన్సర్’ (1982) తెలుగులో బాలకృష్ణతో ‘డిస్కో కింగ్’ (1984) అయినప్పుడు సంగీతం ఆయనే ఇచ్చారు.

● ‘సింహాసనం’ తెలుగులో తొలి 70 ఎంఎం చిత్రం, ఆరు ట్రాకుల స్టీరియో శబ్దంతో వచ్చింది. ఈ పద్ధతిలో ఫిల్ము మీద అయస్కాంతపు పూతలో ఆరు ట్రాకులు ఉంటాయి. మామూలుగా ఐదు తెర వెనక స్పీకర్లకు, ఒకటి హాలు చుట్టూ ఉన్నవాటికి. అంటే డ్రమ్మును ఒక పక్క, గొంతును మధ్యలో, సింథసైజర్‌ను ఇంకో పక్క వినిపించే వీలుంది.

● డిస్కో దరువు గుట్టు సులువే. నాలుగు లెక్కల మీదా బేస్ డ్రమ్ము ఒకే బరువుతో పడుతుంది. రెండో లెక్క, నాలుగో లెక్క మీద స్నేర్ డ్రమ్ము గానీ చప్పట్లు గానీ తోడవుతాయి. లెక్కల మధ్య సందుల్లో హై-హ్యాట్ ‘చిస్’మంటుంది. వేగం నిమిషానికి 120 దెబ్బల చుట్టుపక్కల, అంటే సెకనుకు సుమారు రెండు. అందుకే తాళం తెలియనివాళ్ల అడుగు కూడా తప్పదు.

● ఈ దరువు సినిమా పాటలతోనే ఆగలేదు. 1982లోనే బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ అనే సంగీతకారుడు పది హిందుస్తానీ రాగాలను సింథసైజర్లు, డ్రమ్ మెషీన్‌తో డిస్కో దరువులోకి తెచ్చి రికార్డు చేశారు. అందులోని మాల్కౌన్స్ మన హిందోళం, భూపాలీ మన మోహన. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక, షికాగో డాన్స్ సంగీతమైన యాసిడ్ హౌస్‌కు ముందే పుట్టిన సంగీతమని ప్రపంచం మెచ్చుకుంది.

● ‘సింహాసనం’తో తెరుచుకున్న దారిలోనే బప్పీ ‘స్టేట్ రౌడీ’ (1989), ‘గ్యాంగ్ లీడర్’ (1991) దాకా వచ్చారు. చిరంజీవి స్టెప్పులకు ఆ బాణీలు ఎంత ఊపునిచ్చాయో చెప్పనక్కర్లేదు.

తెనాలి, రేపల్లె, బాపట్లలో డీజే పెట్టే కుర్రాళ్లు ఈసారి ‘సింహాసనం’లోని ‘ఆకాశంలో ఒక తార’ వేసి చూడండి. ఆరు ట్రాకుల హాలు కోసం కట్టిన పాటలివి, పెద్ద బాక్సుల్లోనే వాటి సత్తా తెలుస్తుంది.