పల్లె గుడిలో సాయంత్రపు గంట



మెజెస్టిక్‌లో బస్సు దిగి బెంగళూరు పేట వైపు నడిచినవారికి బళేపేట తెలిసే ఉంటుంది. కన్నడంలో 'బళె' అంటే గాజు. ఆ గాజుల మీదే పేటకు పేరు వచ్చింది గాని, మన సరిహద్దు పల్లెలవారికి అది వాయిద్యాల వీధి. హార్మోనియం, తబలా, మృదంగం, డోలక్, కంచు తాళాలు అక్కడ వరసగా దొరుకుతాయి. అక్కడికి రామభజనవాళ్లు వచ్చినట్టే పల్లె చర్చి సంఘంవాళ్లు వచ్చినా వింతేమీ లేదు. బేరం ఇద్దరిదీ ఒకటే, తాళం నాదం చూసుకునే పద్ధతీ ఒకటే.

చర్చి అంటే పియానో, కోటు, ఇంగ్లీషు అనుకునేవారికి ఇది కొంచెం విడ్డూరంగా ఉండవచ్చు. అలా అనుకోవడంలో వారి తప్పు లేదు. బెంగళూరు కంటోన్మెంటులో సెయింట్ మార్క్స్, హోలీ ట్రినిటీ అని రెండు పెద్ద గుళ్లున్నాయి. రెండూ ఇంగ్లండు దేశపు చర్చికి, అంటే ఆంగ్లికన్ శాఖకు చెందినవిగా తెల్ల సైనికుల కోసం, అధికారుల కోసం పుట్టినవే. కాని అదే ఆంగ్లికన్ శాఖకు, అదే ప్రార్థన పుస్తకానికి మరో ముఖం ఉంది. అది తెలుగు పల్లెలో, మాలపల్లె మాదిగపల్లెల్లో కనిపిస్తుంది. ఇవాళ మీతో చెప్పదలచుకున్నది ఆ రెండో ముఖం సంగతి.

ముందు మన చుట్టుపక్కల సంగతి చూద్దాం. బళ్లారి, గుత్తి, అనంతపురం, కడప వైపు పనిచేసింది లండన్ మిషన్. చిత్తూరు, మదనపల్లె, పలమనేరు వైపు ఆర్కాటు మిషన్. కోలారు వైపు అమెరికన్ మెథడిస్టులు. ఇవేవీ ఆంగ్లికన్లు కావు. మనకు దగ్గరలో ఆంగ్లికన్లంటే ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతంలోని ఎస్.పి.జి. మిషనువారే. ఆ పైన కృష్ణా జిల్లాలో సి.ఎం.ఎస్. వారు 1841లో మచిలీపట్నంలో దిగారు. మొదట్లో వాళ్ల చూపంతా పెద్ద కులాల పిల్లల మీద ఉండేది. రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి ఆ ఉద్దేశంతోనే నడిచింది.

పల్లెకు దారి వేసింది మాత్రం దొరలు కాదు. రాఘవాపురం అనే ఊళ్లో పగోలు వెంకయ్య అని ఒక మాల పెద్ద ఉండేవాడు. రాతి బొమ్మలో దేవుడు లేడన్న మాట ఎక్కడో ఆయన చెవిన పడింది. అప్పటినుంచి పేరు తెలియని దేవుణ్ణి, నువ్వెవరో నాకు కనపడమని తనకు తానే మొక్కుకుంటూ వచ్చాడని చెబుతారు. 1859లో బెజవాడలో డార్లింగ్ అనే మిషనరీ మాట విని, నేను వెతుకుతున్నది ఈయననే అనుకుని బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత ఊరూరా తన బంధువులకు తానే చెప్పుకుంటూ తిరిగాడు. అంటే పల్లెలో ప్రార్థన ముందు పుట్టింది, పాస్టరుగారు తర్వాత వచ్చారు. తెలుగు పల్లె సంఘాల తీరు అర్థం కావాలంటే ఈ వరస గుర్తుంచుకోవాలి.

ఇక ఆ ప్రార్థన ఎలా సాగేదో చూద్దాం. పగలు పొలంలో ఉండే కూలిజనానికి పొద్దుటి ఆరాధన కుదరదు. అందుకని సాయంత్రం దీపాలు పెట్టే వేళకు గంట కొట్టేవారు. గంట కొనే స్తోమత లేని పల్లెలో రైలు పట్టా ముక్కను చెట్టుకు వేలాడదీసినా పని జరిగేది. కాళ్లు చేతులు కడుక్కుని వచ్చి మట్టి నేల మీద కూర్చునేవారు. చదువు వచ్చినవాడు పల్లె మొత్తం మీద ఒక్కడే, ఆయన పంతులుగారు. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించేదీ ఆయనే, రాత్రి పెద్దలకు ప్రార్థన నేర్పేదీ ఆయనే. పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు ఆయన ఒక్కొక్క ముక్క చెబుతుంటే జనం తిరిగి చెప్పేవారు. పుస్తకం చూడకుండానే నోటికి వచ్చేదాకా అలా సాగేది.

ఆంగ్లికన్ పద్ధతి మీద ఒక విమర్శ ఉంది. రాసి పెట్టిన ప్రార్థన చదవడం ఏమిటి, మనసులోంచి రావాలి గాని అని. పట్నంలో ఆ మాట కొంత నిజం కావచ్చు. పల్లెలో మాత్రం రాసి ఉండడమే మేలు చేసిందని నాకనిపిస్తుంది. మాటలు అందరికీ ఒకటే కాబట్టి వాగ్ధాటి ఉన్నవాడికే దేవుడి ముందు చోటు అన్న మాట లేకుండా పోయింది. దొరగారి ముందు నోరు విప్పడానికి జంకే మనిషి, పదిమంది మధ్య గొంతెత్తి ఆ మాటలే పలికేవాడు. ఆ తర్వాత కీర్తన ఉండేది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి, పాట మీద రాగం, తాళం వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారి వంటివారు కట్టిన పాటలు అన్ని శాఖలవారూ పాడుకుంటారు. బళేపేట హార్మోనియంతో అవసరం వచ్చేది ఇక్కడే.

ఇప్పుడు పాస్టరుగారి సంగతి. ఆంగ్లికన్ పద్ధతిలో పాస్టరేటు అంటే ఒక ఊరు కాదు, ఒక గుంపు ఊళ్లు. వాటికి పట్టాభిషేకం పొందిన గురువు ఒక్కడే ఉంటాడు. ఆయన ఎడ్లబండి మీదో సైకిలు మీదో వంతులవారీగా తిరిగేవాడు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, తగవుల తీర్పులు ఆయన వచ్చేదాకా ఆగేవి. అన్నింటికన్నా ముఖ్యంగా సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆరాధన కోసం ఆయన కావాలి.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. కొన్ని శాఖల్లో ఎవరి చిన్న గిన్నె వారికి ఇస్తారు. ఆంగ్లికన్లలో అలా కాదు, గిన్నె ఒక్కటే. వరసలో మోకరించిన ప్రతివారి పెదవులకూ అదే గిన్నె తగులుతుంది. ఇంగ్లండులో ఇది మామూలు సంగతి. తెలుగు పల్లెలో దీన్ని ఎంగిలి అంటారు. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి చూసినవారికి ఆ మాట బరువు వేరే చెప్పనక్కరలేదు. పెద్ద కులాలవాళ్లు మాల మాదిగల నీళ్లు ముట్టకపోవడం సరే, మాలలు మాదిగల బావి నీళ్లు తాగని కాలం అది. రెండు పల్లెలూ ఒకే దేవుడి పేరు చెప్పుకున్నా, ఒకే గిన్నె దగ్గరకు రావడానికి కాళ్లు ముందుకు పడేవి కావు. ఒక పల్లె చేరిందని రెండో పల్లె ఆగిపోవడం, వేరే గుడి కట్టమని అడగడం ఉండేవి.

ఈ పీటముడి ముందు గట్టిగా నిలబడినవారు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. ఆయన తెలుగువారు కాదు. 1874లో తిరునెల్వేలి జిల్లా వెళ్లాళన్‌విళైలో ఒక పల్లె గురువుగారి ఇంట పుట్టారు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్లో బిషప్పు అయ్యారు. భారతీయుల్లో ఆంగ్లికన్ బిషప్పు అయిన మొదటివారు ఆయనే. కులాన్ని గుడి గడప బయట వదిలి రావాలన్నది ఆయన పట్టు. ఆ పట్టు అన్ని ఊళ్లలోనూ నెగ్గిందని చెప్పడానికి లేదు. కాని గిన్నెను రెండు చేసే మాటకు ఆయన ఒప్పుకోలేదు.

ఆయన పద్ధతిలో నాకు బాగా నచ్చినది మరొకటి ఉంది. బాప్తిస్మం పొందినవారిని తమ తల మీద తామే చెయ్యి పెట్టుకోమని, నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న అర్థం వచ్చే మాట పలికించేవారు. జీతం తీసుకునే బోధకుడే చెప్పాలన్న రూలు అక్కడ లేదు, ప్రతి కూలివాడూ చెప్పవచ్చు. ఏటా కొన్ని వారాలు దానికోసమే కేటాయించి, జనం గుంపులుగా పక్క ఊళ్లకు పాటలతో వెళ్లేవారు. అలాగే అపరిశుభ్రత, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగూ పల్లెను పట్టిన నాలుగు దయ్యాలని ఆయన చెబుతుండేవారు. అందుకే ప్రార్థన మందిరం పక్కనే బడి, వైద్యం, సహకార సంఘం పెరిగాయి. 1935 నాటికి ఆ డయోసిస్‌లో సుమారు 250 మంది దేశీయ గురువులు, 2,000కు పైగా గ్రామ ఉపదేశకులు ఉన్నారు.

ఇంతమందికి తిండి ఎక్కడినుంచి వచ్చింది? సీమ డబ్బు వచ్చిన మాట నిజమే. కాని పల్లె తన వంతు తాను ఇచ్చింది, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్లు ఇచ్చారు. తెలుగు సంఘాల్లో గుప్పెడు బియ్యం అనే ఆచారం ఉంది. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి విడిగా ముంతలో వేస్తారు. వారం చివర ఆ ముంత గుడికి వెళుతుంది. బియ్యం పండగకు మాత్రమే వండుకునే మెట్ట ఊళ్లలో జొన్నలో కొర్రలో వేసినా ఆచారం ఆచారమే. ఇంట్లో మగవాణ్ణి అడిగి ఇవ్వాల్సిన డబ్బు కాదిది. పొయ్యి దగ్గర ఆమె చేతిలో ఉన్నది, ఆమె ఇష్టం మీద ఇచ్చేది. గుడి లెక్కల్లో తనకూ ఒక వాటా ఉందని ఆమెకు తెలుసు. సి.ఎస్.ఐ.లో స్త్రీల మైత్రి సమావేశానికి వెళ్లి చూడండి, లెక్కలు అడగడంలో వాళ్లు ఎవరికీ తీసిపోరు.

పంట చేతికి వచ్చాక కోత పండుగ. గుమ్మడికాయలు, కంది బస్తా, కోడిపుంజు, గుడ్లు, చెరకు గడలు గుడి ముందు పెట్టి వేలం వేస్తారు. పది రూపాయల గుమ్మడికాయను పాడుకున్నవాడు తిరిగి గుడికే ఇచ్చేస్తాడు. అది మళ్లీ వేలానికి వస్తుంది. ఒక్క కోడి మూడుసార్లు అమ్ముడుపోవడమూ కద్దు. వేలం పాటలో నవ్వులు ఎక్కువ, డబ్బూ ఎక్కువే.

డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. గుడి మండపాల్లో ఉండే తరహా స్తంభాలు, మసీదు తరహా గుమ్మటాలు కలిపి కట్టారు. తూర్పు దేశపు జ్ఞానులు శిశువును చూడవచ్చిన పండుగ పేరే దానికి పెట్టారు. అజరయ్యగారు 1945 జనవరి 1న కన్నుమూశారు. రెండేళ్లు తిరిగేసరికి, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్లో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ. ఏర్పడింది. ఆంగ్లికన్లు, లండన్ మిషనువారు, ఆర్కాటు మిషనువారు, ఇంగ్లండు మెథడిస్టులు అందులో ఒకటయ్యారు. కోలారు అమెరికన్ మెథడిస్టులు చేరలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది, బిషప్పు చేత పట్టాభిషేకం కానివారి చేతి సంస్కారం చెల్లుతుందా అన్న సందేహంతో విడిగా ఉండిపోయి, 1970లలో గాని కలవలేదు.

ఈ పల్లె సంఘాల మీద పెద్ద వాదాలే జరిగాయి. 1930లలో గాంధీగారు, హరిజనులు తెలియక గుంపులుగా మతం మారుతున్నారని ఆక్షేపించారు. అజరయ్యగారు జాతీయవాదే అయినా అందుకు ఒప్పుకోలేదు. తన దేవుణ్ణి తాను ఎంచుకునే తెలివి పేదవాడికి లేదనడం అతన్ని తక్కువ చేయడమేనని ఆయన వాదన. ఇద్దరి మాటలోనూ ఆలోచించవలసింది ఉంది. కాని పగోలు వెంకయ్య కథ తెలిసినవారు ఎటు మొగ్గుతారో ఊహించవచ్చు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు గాని క్రైస్తవులకు లేదు. మన తెలుగు రాష్ట్రాల్లో వారిని బి.సి.-సి. కింద లెక్కిస్తారు. దాని ఫలితం పల్లెలో మీరే చూడవచ్చు. బాప్తిస్మం రిజిస్టరులో పేరు ఒకటి, బడి సర్టిఫికెట్టులో పేరు ఇంకొకటి. అది అబద్ధమని తేలిగ్గా అనేవాళ్లున్నారు. ఉద్యోగం, స్కాలర్‌షిప్పు పోగొట్టుకోవలసి వస్తే ఏం చేసేవారో వాళ్లు చెప్పరు.

మళ్లీ గిన్నె దగ్గరకు వద్దాం. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రపంచమంతటా ఆంగ్లికన్ సంప్రదాయపు గుళ్లలో ఒకే గిన్నెతో ఇవ్వడం ఆపేశారు. రొట్టె మాత్రమే ఇచ్చినచోట్లున్నాయి, రొట్టెను రసంలో ముంచి ఇచ్చినచోట్లున్నాయి, చిన్న కప్పులు పెట్టినచోట్లూ ఉన్నాయి. వైద్యులు చెప్పింది వినవలసిందే, అందులో తర్కం లేదు. కాని రోగం తగ్గాక చిన్న కప్పులే సుఖంగా ఉన్నాయని అలాగే ఉంచేద్దామా అన్న ప్రశ్న పల్లె సంఘ పెద్దల ముందుకు వస్తే, అది శుభ్రత ప్రశ్న ఒక్కటే కాదు. మాలపల్లె, మాదిగపల్లె రెండూ ఉన్న ఊళ్లో ఆ పాత గిన్నెను బీరువాలో పెట్టి తాళం వేసేముందు, దాన్ని అక్కడికి తేవడానికి ఎన్నేళ్లు పట్టిందో పెద్దవాళ్లను ఒకసారి అడగండి.