శిబిరం ముగిశాక గ్రామంలో మిగిలేదేమిటి? - విద్యార్థి వాలంటీర్లకు కొన్ని సేవా ప్రాజెక్టులు

జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాలలో 40,000 మంది విద్యార్థులతో ప్రారంభమైంది. ఇందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవా కార్యక్రమాలకు వెచ్చించాలి. దీనికి తోడు దత్తత గ్రామంలో 7 రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. వ్యవసాయ కళాశాలల విద్యార్థులు చివరి సంవత్సరంలో గ్రామీణ వ్యవసాయ కృషి అనుభవ కార్యక్రమం (రావెప్) కింద కూడా గ్రామాలలో ఉంటారు. ఇంత యువశక్తి పల్లెకు చేరుతున్నప్పుడు, దానిని ఏ పనికి వినియోగించాలన్నది విస్తరణ శాస్త్రవేత్తలు ముందుగా ఆలోచించవలసిన విషయం.

వీధులు ఊడ్వడం, ర్యాలీలు తీయడం, మొక్కలు నాటడం శిబిరాలలో తరచుగా కనిపించే కార్యక్రమాలు. ఇవి అవసరమైనవే. అయితే డిసెంబరులో నాటిన మొక్కకు ఏప్రిల్, మే నెలలలో నీరు పోసే మనిషి ఎవరో నిర్ణయించకపోతే ఆ శ్రమ వృథా అవుతుంది. కాబట్టి ప్రాజెక్టును ఎంపిక చేసేటప్పుడు మూడు విషయాలు చూడాలి. అది రైతు ఆ సీజనులో తీసుకోవలసిన ఒక నిర్ణయానికి తోడ్పడాలి. ఫలితం కొలవడానికి వీలుగా ఉండాలి. విద్యార్థులు వెళ్లిపోయిన తరువాత దానిని కొనసాగించే వ్యక్తి గ్రామంలో ఉండాలి. ఈ మూడింటికీ సరిపోయే నాలుగు ప్రాజెక్టులను ఇక్కడ వివరిస్తున్నాం.

విత్తన మొలక పరీక్ష

సొంత విత్తనం వాడే రైతుకు మొలక శాతం తెలియకపోతే తొలి నష్టం విత్తిన వారంలోనే మొదలవుతుంది. మళ్లీ విత్తుదామంటే అదను దాటిపోతుంది. పరీక్ష మాత్రం చాలా సులభం. విత్తనాన్ని బాగా కలిపి, ఏరకుండా 100 గింజలు లెక్కపెట్టి, తడిపిన గోనె సంచిపై వరుసలుగా పేర్చి, చుట్టి నీడలో ఉంచాలి. తడి ఆరకుండా చూస్తూ పంటను బట్టి 7 నుంచి 14 రోజులలో ఆరోగ్యకరమైన మొలకలను లెక్కించాలి. విత్తన ప్రమాణాల ప్రకారం వరిలో కనీసం 80, మినుము, పెసర, కందిలో 75, వేరుశనగలో 70 శాతం మొలక ఉండాలి.

వచ్చిన అంకెను రైతుకు పనికివచ్చే మాటగా మార్చి చెప్పడమే విద్యార్థి బాధ్యత. ఉదాహరణకు ఎకరాకు 8 కిలోల మినుము విత్తనం సిఫారసు ఉన్నచోట 60 శాతమే మొలిస్తే, అదే మొక్కల సాంద్రతకు 10 కిలోలు కావాలి. మొలక మరీ తక్కువగా ఉంటే విత్తనం మార్చుకోవడమే మేలు. ఖరీఫ్‌కు మే నెలలో ఈ పరీక్ష చేపడితే మార్చుకునేందుకు వ్యవధి ఉంటుంది.

మట్టి నమూనా, ఫలితాల వివరణ

వేసవిలో పొలాలు ఖాళీగా ఉన్నప్పుడు నమూనాలు సేకరించాలి. పొలంలో 8-10 చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పక్కల నుంచి పైనుంచి కిందికి సమానంగా మట్టిని తీయాలి. గట్ల పక్కన, చెట్ల నీడన, పెంట కుప్పలు వేసినచోట తీయరాదు. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలను తీసివేస్తూ చివరకు అర కిలో మట్టిని నీడలో ఆరబెట్టి ప్రయోగశాలకు పంపాలి. ఎరువుల సంచులు వాడకూడదు.

నమూనా పంపడంతో పని పూర్తి కాదు. ఫలితాల పత్రంలో నత్రజని, భాస్వరం కిలోలలో ఉంటాయి. రైతు కొనేది బస్తాలు. 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోల నత్రజని, 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. ఈ లెక్కను రైతు ఇంటి వద్ద కూర్చొని, అతని పంటకు, విస్తీర్ణానికి అన్వయించి చెప్పాలి.

వాన, బావి లెక్కలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరవు పీడిత జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టు మనకు మంచి ఉదాహరణ. అక్కడ రైతులే వర్షపాతాన్ని, బోర్లలోని నీటిమట్టాన్ని కొలిచి, ఉన్న నీటికి తగిన పంటలను గురించి చర్చించుకొన్నారు. విద్యార్థులు గ్రామ పాఠశాలలో వర్షమాపకాన్ని అమర్చి, రోజూ ఉదయం 8.30 గంటలకు కొలత నమోదు చేయడం పిల్లలకు నేర్పవచ్చు. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరాపై సుమారు 4,000 లీటర్ల నీరు అని గోడపై రాసి ఉంచితే అంకెలకు అర్థం ఏర్పడుతుంది. వానాకాలానికి ముందు మే నెలలో, తరువాత నవంబరులో ఎంపిక చేసిన బావుల మట్టాన్ని కొలవాలి. యజమాని అనుమతి, పెద్దల తోడు లేకుండా బావి వద్దకు వెళ్లరాదు.

వేప గింజల సేకరణ

జూన్, జూలైలలో రాలే వేప పండ్లను స్వయం సహాయక సంఘాల మహిళలతో కలిసి సేకరించి, గుజ్జు తీసి, నీడలో ఆరబెట్టి నిల్వ చేయవచ్చు. 5 కిలోల గింజల పొడిని నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, 100 లీటర్లకు కలిపితే 5 శాతం కషాయం సిద్ధమవుతుంది. రసాయన పురుగుమందులను కలిపే, చల్లే పనులను మాత్రం వాలంటీర్లకు అప్పగించరాదు.

అప్పగింత, మూల్యాంకనం

ఈ పనులలో ఎక్కువ భాగం మే నుంచి జూలై వరకు జరగవలసినవి. శిబిరం శీతాకాలంలో జరిగితే ఆ 7 రోజులను రైతుల ప్రశ్నలు సేకరించడానికి, స్థానిక బాధ్యులను గుర్తించడానికి వినియోగించి, అదనులో చేయవలసిన పనిని 120 గంటల నుంచి కేటాయించవచ్చు. సలహా ఏదైనా రైతుకు చేరే ముందు కృషి విజ్ఞాన కేంద్రం లేదా పరిశోధనా స్థానం శాస్త్రవేత్త సరిచూడాలి. నమోదు పుస్తకం ఒక ప్రతిని ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రంలో, తెలంగాణలో రైతు వేదికలో ఉంచాలి.

నివేదికలలో ఎంతమంది పాల్గొన్నారు, ఎన్ని మొక్కలు నాటారు అనే వివరాలతో పాటు మరికొన్ని ప్రశ్నలకు జవాబు ఉండాలి. ఎందరు రైతులు పరీక్ష ఫలితాన్ని బట్టి విత్తన మోతాదును మార్చుకొన్నారు? ఎందరు ఎరువుల బస్తాలను తగ్గించారు? ఏడాది తరువాత వర్షమాపకం వద్ద ఇంకా ఎవరైనా కొలత రాస్తున్నారా? తరువాతి జట్టు అదే గ్రామానికి వెళ్లి ఈ జవాబులు రాబట్టాలి. ఆ జవాబులు కళాశాలకు పాఠమవుతాయి. గ్రామానికి మాత్రం వచ్చే సీజను పంటను నిలబెడతాయి.