నీళ్లలో పూర్తయ్యే పడవ

ఏళ్ల తరబడి ఇంటి గ్యారేజీలో విప్పి, కుళ్లిన పలకలు మార్చి, పది పన్నెండు పూతల వార్నిష్ వేసి మెరిపించిన చెక్క మోటారు బోటును సరస్సులోకి దింపగానే అడుగు నుంచి నీళ్లు ఊరడం మొదలవుతుంది. చూడ్డానికి వచ్చిన చుట్టాలు, ఇరుగుపొరుగు కంగారు పడతారు. చెక్క పడవల సంగతి తెలిసినవాళ్లు మాత్రం పంపు వేసి, కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చుంటారు. పాత పద్ధతిలో పలకలు బిగించిన బోటు మొదటిరోజు కారడం పనితనంలో లోపం కాదు. ఆ బోటును కట్టే పనిలో చివరి భాగం నీళ్లదే.

ఇలాంటి బోట్లలో ఎక్కువ పేరున్నవి అమెరికాలోని క్రిస్-క్రాఫ్ట్‌లు. మిషిగన్ రాష్ట్రంలో సెయింట్ క్లెయిర్ నది ఒడ్డున ఉన్న అల్గొనాక్ వీటి పుట్టిల్లు. క్రిస్టఫర్ కొలంబస్ స్మిత్ అక్కడ పడవలు కట్టేవాడు. ఆయన చేతి బోటు ‘మిస్ అమెరికా’తోనే గార్ వుడ్ అనే పందెగాడు 1920లో మోటారు బోట్ల పందెంలో హార్మ్స్‌వర్త్ ట్రోఫీ గెలిచాడు. స్మిత్, ఆయన కొడుకులు 1922లో సొంత కంపెనీ పెట్టుకున్నారు. పందెం బోట్ల నేర్పును మామూలు కుటుంబాలు షికారుకు వెళ్లే మహాగనీ బోట్లలోకి తెచ్చి, వాటిని పెద్ద సంఖ్యలో తయారుచేశారు. తర్వాత ఫైబర్‌గ్లాసు వచ్చింది. 1970ల మొదటికి మహాగనీ పని ఆగిపోయింది. కొట్టాల్లో దుమ్ము పట్టిన పాత బోట్లను ప్రేమతో బయటికి లాగి బాగుచేసుకునేవాళ్లు 1975లో లేక్ జార్జ్ దగ్గర ఒక సంఘంగా కూడారు. ఆ అభిమానం నేటికీ తగ్గలేదు.

ఆ బోట్ల అడుగు ఎలా ఉంటుందో తెలిస్తే నీళ్లు ఎందుకు ఊరతాయో అర్థమవుతుంది. లోపల పలుచటి పలకల వరస ఏటవాలుగా ఉంటుంది. దాని మీద మెత్తటి లప్పంలో తడిపిన కాన్వాసు గుడ్డ, ఆ పైన పొడవునా బయటి పలకలు. వీటన్నిటినీ ఫ్రేములకు పట్టి ఉంచేవి స్క్రూలు. పక్కల్లో ఒకే వరస పలకలు, ప్రతి సందుకూ లోపలివైపు ఒక బద్ద. ఎక్కడా జిగురు మీద ఆధారపడలేదు. పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి నొక్కుకోవడమే వాటి సీలు.

వానాకాలంలో బిగుసుకుపోయి మూసుకోని తలుపు అందరికీ తెలిసిందే. ఇక్కడ జరిగేదీ అదే. షెడ్డులో ఏళ్లపాటు ఆరిన చెక్కలో తేమ పది శాతం దగ్గర ఉంటుంది. నీళ్లలో నానుతూ ముప్పై శాతం దగ్గరికి చేరేదాకా అది ఉబ్బుతూనే ఉంటుంది. అయితే అన్ని వైపులా ఒకేలా ఉబ్బదు. పొడవు పెరగనట్టే లెక్క, వెడల్పు మాత్రం పెరుగుతుంది. ఆరంగుళాల మహాగనీ పలక కోసిన తీరును బట్టి నాలుగైదు మిల్లీమీటర్ల దాకా వెడల్పు కావచ్చు. పలకలన్నీ కలిసి అంత తోసుకుంటే ఇక నీటికి దారి ఉండదు. మన కోరంగి, తాళ్లరేవుల్లో చెక్క ఓడలు కట్టిన చేతులకు ఇది కొత్త సంగతి కాదు.

అందుకే కారుతోందని భయపడి, ఎండిన సందుల్లో గట్టిపడే లప్పం కూరడం కన్నా చెడ్డపని లేదు. పలకలు ఉబ్బడానికి చోటు లేకపోతే ఆ ఒత్తిడి ఫ్రేముల మీద పడుతుంది. స్క్రూలు ఊడివస్తాయి, ఫ్రేములు పగులుతాయి. కొన్నేళ్ల కష్టం ఒక్క వారంలో పోతుంది. పాత ఇత్తడి స్క్రూలే ఉంచేస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. నీళ్లలో నానిన ఇత్తడిలోంచి జింకు కరిగిపోయి, గుల్లబారిన గులాబీ రంగు రాగి మిగులుతుంది. స్క్రూ తల చూడ్డానికి బాగానే ఉంటుంది, పట్టు ఉండదు. విప్పినప్పుడే వాటి చోట సిలికాన్ కంచు స్క్రూలు వేయాలి.

తెలిసినవాళ్లు దింపడానికి కొన్ని రోజుల ముందే అడుగున తడి దుప్పట్లు పరుస్తారు, తోటకు నీళ్లు చల్లే స్ప్రింక్లరు లోపల పెడతారు. దింపాక కూడా బోటును పట్టీలతో క్రేనుకు వేలాడదీసే ఉంచి రాత్రంతా నాననిస్తారు. నీటిమట్టం పెరగగానే దానంతటదే తిరిగే పంపు, ఆ పంపు బ్యాటరీకి చార్జరు ఉండి తీరాలి. ఊట గంటగంటకూ తగ్గుతూ వస్తే చెక్క తన పని చేస్తున్నట్టు. తగ్గకుండా ఒకేచోట నుంచి ధారగా వస్తుంటే మాత్రం అది ఉబ్బుతో మానేది కాదు, బోటును పైకి తీయాల్సిందే.

ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు భయం నీళ్లతో కాదు, పెట్రోలుతో. దాని ఆవిరి గాలికన్నా బరువు. కారులోనైతే కిందికి దిగి బయటికి పోతుంది. బోటులో అడుగున గిన్నెలో లాగా నిలిచిపోతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. కనీసం నాలుగు నిమిషాలు బ్లోయరు తిప్పి, మూత తెరిచి ముక్కుతో వాసన చూసి, ఆ తర్వాతే తాళం తిప్పాలి. ఇంజను అందుకోగానే వెనక్కి వెళ్లి పొగగొట్టం నుంచి నీళ్లు పడుతున్నాయో లేదో చూడాలి. పడకపోతే చల్లబరిచే నీరు ఇంజనుకు అందడం లేదన్నమాట, వెంటనే ఆపేయాలి.

ప్రొపెల్లరు షాఫ్టు బయటికి వెళ్లేచోట నీరు లోపలికి రాకుండా అడ్డుకునే గ్లాండు ఉంటుంది. షాఫ్టు తిరుగుతున్నంతసేపూ అక్కడ నిమిషానికి రెండు మూడు చుక్కలు రాలాలి. లోపలి నార ప్యాకింగును చల్లగా ఉంచేది ఆ చుక్కలే. కొత్తవాళ్లు చుక్క రాకుండా నట్టు బిగించేస్తారు, ప్యాకింగు మాడి షాఫ్టు అరుగుతుంది.

ఇంజనుకూ షాఫ్టుకూ మధ్య అలైన్‌మెంటు గురించి ఎక్కువమంది పట్టించుకోరు. ట్రైలరు మీద నాలుగు చోట్ల మోపిన బోటు ఆకారం వేరు, నీరు అడుగంతా సమానంగా మోసే బోటు ఆకారం వేరు. పైగా చెక్క ఉబ్బుతూ ఉంటుంది. కాబట్టి గ్యారేజీలో ఎంత కచ్చితంగా కలిపినా అది లెక్కలోకి రాదు. కొన్ని రోజులు నానాక కప్లింగు విప్పి, ఫీలర్ గేజితో చుట్టూ సందు చూడాలి. నాలుగంగుళాల కప్లింగుకు తేడా అంగుళంలో వెయ్యోవంతులు నాలుగు దాటకూడదు. దాటితే బోటు వణుకుతుంది, బేరింగు అరుగుతుంది.

ఈ ఊట బాధ పడలేక ఇప్పుడు చాలామంది కాన్వాసు తీసేసి, పలకల వరసల మధ్య సాగే గుణముండి గట్టిగా అంటుకునే సీలెంటు నింపుతున్నారు. అలా చేసిన అడుగు దింపిన రోజే దాదాపు పొడిగా ఉంటుంది. చలికాలంలో సరస్సులు గడ్డకట్టి బోటు ఆరు నెలలు ఒడ్డున ఆరిపోయే చోట ఆ సుఖం చిన్నది కాదు, వాళ్లను తప్పుపట్టలేను. కానీ తర్వాత ఒక పలక మార్చాల్సి వస్తే దాన్ని ముక్కలు చేసి తీయాలి. ఊటకు ఓపిక పట్టి, పంపు పక్కన రెండు రాత్రులు కాపలా ఉండగలిగితే పాత అడుగే నాకు నచ్చుతుంది. స్క్రూలు విప్పితే పలక చేతికి వస్తుంది. మరో యాభై ఏళ్ల తర్వాత ఎవరో దాన్ని మళ్లీ గ్యారేజీలో పెట్టుకుని బాగుచేసుకోవచ్చు.