తల్లి వయస్సు, అండము వయస్సు

మా పాల్వంచలోనేమి, తక్కిన తెలుగునాటనేమి, బుద్ధివికాసము కొఱవడిన బిడ్డ పుట్టినచో, గర్భవతి గ్రహణవేళ బయటికి వచ్చెననియో, పూర్వజన్మపాపమనియో తల్లిని దూషించుట నేటికిని వినవచ్చుచున్నది. ఈ నింద యెంత నిరాధారమైనదో సోదరీమణులు గ్రహింపవలెను.

మన శరీరకణమున సాధారణముగా 46 క్రోమోసోములుండును. ఇవి వంశలక్షణములను మోయు సన్నని పోగులు. పక్వమైన అండమున వీనిలో సగము, అనగా 23 మాత్రమే యుండవలెను. తక్కిన 23 తండ్రి నుండి వచ్చును. ఈ పంపకమున నొకటి హెచ్చినను తగ్గినను చాలవఱకు గర్భము నిలువదు. 21వ క్రోమోసోము రెండునకు మాఱుగా మూడైనచో, బిడ్డ డౌన్ సిండ్రోముతో పుట్టును. ఈ సంగతిని 1959లో ఫ్రాన్సుదేశ శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఇందు తల్లి వయస్సే ముఖ్యమని పెన్రోస్ అను ఆంగ్లవైద్యుడు 1933లోనే చూపియుండెను.

వయస్సుతో పొరపాటేల హెచ్చును? పురుషునకు బీజకణములు ఎప్పటికప్పుడు క్రొత్తగా పుట్టుచుండును. స్త్రీ విషయమట్లు కాదు. ఆమె తన తల్లి కడుపులో నుండగనే అండములేర్పడి, విభజన నడుమ నాగి, ఏండ్ల తరబడి వేచియుండును. నలుబదియేండ్ల స్త్రీ అండమునకును నలుబదియేండ్లే. జంట క్రోమోసోములను పట్టియుంచు మాంసకృత్తులు, పాతబట్ట కుట్టువలె, కాలక్రమమున సడలును. అంతట పంపకము తప్పును.

డౌన్ సిండ్రోముతో బిడ్డ పుట్టు అవకాశము తల్లికి 25 ఏండ్లప్పుడు సుమారు 1,250 కాన్పులలో ఒకటి. 35కు 350లో ఒకటి. 40కి 100లో ఒకటి. 45కు 30లో ఒకటి. నలుబదియేండ్లకును నూటికి తొంబదితొమ్మండ్రు తల్లులకు ఈ బాధ లేదని దీని భావము.

గుంటూరులో 2019 సెప్టెంబరున 74 ఏండ్ల స్త్రీ కవలలను కనినది. అండములు వేఱొక స్త్రీ యిచ్చినవి. ఇట్టి గర్భములందు క్రోమోసోముల లోపము, మోసిన తల్లి వయస్సును గాక, అండమిచ్చిన స్త్రీ వయస్సునే అనుసరించును. అయినను ముదిమిలో ప్రసవము ప్రాణాపాయకరము. కావుననే 2021 నాటి చట్టము ఈ చికిత్స పొందు స్త్రీకి 50 ఏండ్ల లోపు వయస్సును, అండదాతకు 23 మొదలు 35 వఱకును నియమించినది.

ఈ లోపమును మాన్పు నోము గాని మందు గాని లేదు. మూడవనెలలో స్కానింగును రక్తపరీక్షయు అనుమానమును తెలుపును. ఉమ్మనీటి పరీక్ష నిశ్చయపఱచును. పిన్నవయస్సు తల్లులును వీనిని గూర్చి వైద్యుల నడుగవలెను. ఇక అట్టి బిడ్డ పుట్టిన యింట తల్లికి కావలసినది నింద కాదు, తోడు. బిడ్డకు కావలసినది ప్రేమయు, చదువును.