విద్యుత్ కారు చోరీ: జాడ తెలిసినా తప్పని తంటా

పెట్రోలు కారు చోరీకి గురైతే అది ఎటు పోయిందో కనుక్కోవడమే యజమాని మొదటి సమస్య. విద్యుత్ కారు విషయంలో సమస్య మరోచోట మొదలవుతోంది. తాను ఎక్కడ ఉన్నదీ, బ్యాటరీలో ఎంత చార్జి మిగిలినదీ, తలుపులు తెరిచి ఉన్నదీ లేనిదీ ఇప్పటి కార్లు చాలావరకు యజమాని చేతిలోని ఫోనుకు ఎప్పటికప్పుడు తెలియజేయగలవు. అయినా దొంగను పట్టుకోవడం, దొరికిన కారును కోర్టు ద్వారా విడిపించుకోవడం, దొరకని పక్షంలో బీమా సొమ్ము రాబట్టుకోవడం పాత పద్ధతిలో, కాగితాల మీదనే నడుస్తున్నాయి. కారు పోయిన కొద్ది గంటల్లో యజమాని వేసే అడుగులే ఆ తర్వాత నెలల తరబడి సాగే వ్యవహారం ఫలితాన్ని నిర్ణయిస్తున్నాయి.

మన దేశానికి విద్యుత్ కారు కొత్తది కాదు. బెంగళూరులో తయారైన 'రేవా' 2001లోనే మార్కెట్లోకి వచ్చింది. అయితే విద్యుత్ వాహనాలకు ప్రత్యేకంగా ఆకుపచ్చ నంబరు పలకను కేంద్రం నిర్దేశించింది 2018లో. సొంత వాహనమైతే పచ్చ పలకపై తెల్లని అక్షరాలు, అద్దె వాహనమైతే పసుపు అక్షరాలు ఉంటాయి. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలన్నింటికీ హోలోగ్రాం, లేజరుతో చెక్కిన గుర్తింపు సంఖ్య ఉన్న హై సెక్యూరిటీ పలకలు తప్పనిసరి అయ్యాయి. పలక మార్చి కారును అమ్ముకోవడం దొంగకు మునుపటంత సులభం కాదు.

దొంగకు లాభసాటి కాదు, కానీ...

విద్యుత్ కారును విప్పి విడిభాగాలుగా అమ్ముకోవడం కూడా కష్టమే. కారులో అత్యంత ఖరీదైన భాగం బ్యాటరీ. అనేక కార్లలో అది ఆ కారు కంప్యూటరుతోనే అనుసంధానమై ఉంటుంది. మరో కారులో అమర్చితే పనిచేస్తుందన్న భరోసా లేదు. అమెరికాలో బీమా నష్టాలను విశ్లేషించే సంస్థ వెలువరించిన జాబితాల్లో చోరీ తక్కువగా జరిగే వాహనాల సరసన కొన్ని విద్యుత్ కార్లు నిలిచాయి. చార్జింగ్ కోసం వాటిని ఇంటి ఆవరణలోనో, గ్యారేజీలోనో నిలపడం అందుకు ఒక కారణమని ఆ సంస్థ భావించింది. మన నగరాల్లో ఆ వసతి అందరికీ లేదు. అపార్టుమెంటు వెలుపల, వీధి పక్కన రాత్రంతా నిలిపే కార్లే ఎక్కువ.

తాళంచెవిని జేబులోంచి తీయకుండానే తలుపు తెరుచుకునే సౌకర్యం ఖరీదైన కార్లన్నింటితో పాటు విద్యుత్ కార్లలోనూ ఉంది. ఇద్దరు దొంగలు ఈ సౌకర్యాన్నే ఆసరా చేసుకుంటారు. ఒకడు ఇంటి గోడ పక్కన నిలబడి లోపలి తాళంచెవి సంకేతాన్ని పరికరంతో అందుకుంటాడు. రెండోవాడు కారు దగ్గర ఆ సంకేతాన్ని వినిపిస్తాడు. తాళంచెవి పక్కనే ఉందని కారు భ్రమపడుతుంది. తాళాన్ని లోహపు పొర ఉన్న సంచీలో ఉంచడం, కారు కదలాలంటే రహస్య సంఖ్య నొక్కవలసిన ఏర్పాటు ఉంటే దాన్ని వాడటం దీనికి విరుగుడు. పాత కారు కొన్నవారు మునుపటి యజమాని ఫోనుకు ఉన్న అనుమతిని రద్దు చేయించుకోవడం అంతకంటే ముఖ్యం.

తొలి గంటలు కీలకం

కారు కనిపించకపోతే మొదట చేయవలసినది పోలీసులకు ఫోను. ఆ వెంటనే కారు తయారీ సంస్థ సహాయ కేంద్రానికి తెలియజేయాలి. ఫోనులో కారు ఉన్న స్థలం కనిపిస్తున్నదని యజమాని సొంతంగా వెంటాడటం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. దూరం నుంచే కారును నిలిపివేసే సౌకర్యం ఉన్నా, నడిరోడ్డుపై ఆపాలా వద్దా అన్నది పోలీసుల నిర్ణయానికి వదలడం మంచిది. కంగారులో కారును ఖాతా నుంచి తొలగిస్తే అది పంపే సమాచారం కూడా చేజారుతుంది. కారు కంప్యూటరులో ఇంటి చిరునామా, ఫోను నంబర్లు నిక్షిప్తమై ఉండవచ్చు కనుక రహస్య పదాలను మార్చుకోవడం అవసరం.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషనులోనైనా ఫిర్యాదు చేయవచ్చు. మా పరిధి కాదని తిప్పి పంపడానికి వీలులేదు. ఎలక్ట్రానిక్ మాధ్యమం ద్వారా ఫిర్యాదు పంపితే మూడు రోజుల్లోగా సంతకం చేయాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులు 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలియజేయాలని అదే చట్టం 193వ సెక్షన్ చెబుతున్నది. ఇక శిక్ష విషయానికి వస్తే, భారతీయ న్యాయ సంహిత కింద సాధారణ చోరీకి మూడేళ్ల వరకు జైలు. ప్రయాణికులను, సరుకులను చేరవేసే వాహనాన్ని దొంగిలిస్తే 305వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

తెరపై కనిపించినది సాక్ష్యమవుతుందా?

ఫోను తెరపై కనిపించిన పటాన్ని చూపితే దర్యాప్తుకు ఆధారం దొరుకుతుంది. కోర్టులో అది సాక్ష్యంగా నిలవాలంటే మరికొంత కావాలి. ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం తప్పనిసరి అని అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ఆ ధ్రువపత్రం ఎలా ఉండాలో చెబుతున్నది. కారు ఏ సమయంలో ఎక్కడ ఉన్నదన్న వివరాల మూలం తయారీ సంస్థ కంప్యూటర్లలో ఉంటుంది. వాటిని ఇవ్వవలసిందిగా ఆ సంస్థను నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద పోలీసులు కోరవచ్చు. ఈ లేఖ వెళ్లిందో లేదో యజమాని అడిగి తెలుసుకోవడం మంచిది. ఆలస్యమైతే దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగిన చందమే అవుతుంది.

బీమాలో మెలికలు

మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది ఇతరులకు కలిగే నష్టానికి సంబంధించిన థర్డ్ పార్టీ బీమాను మాత్రమే. అది ఒక్కటే ఉంటే కారు చోరీకి ఒక్క రూపాయి కూడా రాదు. సొంత నష్టానికి కూడా వర్తించే బీమా ఉండాలి. ఉన్నా, చేతికి వచ్చేది కొన్న ధర కాదు. ప్రామాణిక పాలసీ పట్టిక ప్రకారం కారు వయసు రెండేళ్లు దాటితే కంపెనీ ధరలో 30 శాతం, మూడేళ్లు దాటితే 40 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం తరుగు తీసివేస్తారు. ఉదాహరణకు 15 లక్షల రూపాయల కారు రెండున్నరేళ్లకు పోతే లెక్కకు వచ్చేది పదిన్నర లక్షలు. బ్యాంకు అప్పు 11 లక్షలు మిగిలి ఉంటే బీమా సొమ్ము మొదట బ్యాంకుకే చెల్లుతుంది. కారూ పోయి, ఇంకా 50 వేల అప్పు నెత్తిన మిగులుతుంది. కొన్న ధర చెల్లించే అదనపు రక్షణను పాలసీ తీసుకునేటప్పుడే కొనుక్కుంటే ఈ కష్టం తప్పుతుంది.

జాప్యం సాకుతో పరిహారం నిరాకరించడంపై సుప్రీంకోర్టు పలుమార్లు జోక్యం చేసుకుంది. ట్రాక్టరు పోయిన రోజే పోలీసులకు ఫిర్యాదు చేసి, బీమా సంస్థకు 52 రోజుల తర్వాత తెలిపిన ఒక రైతు కేసులో జస్టిస్ ఎన్.వి.రమణ నేతృత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2020 జనవరిలో తీర్పు చెప్పింది. పోలీసు ఫిర్యాదు వెంటనే జరిగి ఉంటే బీమా సంస్థకు చెప్పడంలో ఆలస్యం ఒక్కటే నిరాకరణకు కారణం కాజాలదని పేర్కొంది. ఇంజను తాళం వదిలి డ్రైవరు దిగిన సమయంలో లారీ పోయిన మరో కేసులో 2023లో 75 శాతం చెల్లించమని ఆదేశించింది. అన్ని తీర్పులూ యజమానులకు అనుకూలం కావు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు తీరిన కారు జోధ్‌పూర్‌లో చోరీ అయిన కేసులో పరిహారం చెల్లనవసరం లేదని 2021లో అదే కోర్టు తేల్చింది.

పరిహారం ఇచ్చే ముందు అసలు తాళాలన్నీ అప్పగించమని బీమా సంస్థలు కోరడం పరిపాటి. కార్డు, ఫోను కూడా తాళాలుగా పనిచేసే కార్లలో ఎవరెవరికి అనుమతి ఉన్నదీ చూపే జాబితాను చోరీ తేదీ నాటికి భద్రపరచుకోవాలి. కారు దొరకలేదని పోలీసులు ఇచ్చే తుది నివేదిక, రవాణా కార్యాలయానికి సమాచారం ఇచ్చిన రుజువు కూడా సిద్ధంగా ఉండాలి.

స్టేషను ఆవరణలో ప్రాణం పోయే బ్యాటరీ

కారు దొరికినా కథ ముగియదు. అది కేసు సొత్తుగా స్టేషను ఆవరణకు చేరుతుంది. వాహనాలను అక్కడ దీర్ఘకాలం ఉంచడంలో ప్రయోజనం లేదని, ఫొటోలు, పూచీకత్తు తీసుకుని యజమానికి అప్పగించాలని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. కొత్త చట్టం 497వ సెక్షన్ మరింత స్పష్టంగా 14 రోజుల్లో సొత్తు వివరాల పత్రం, ఆ తర్వాత 30 రోజుల్లో కోర్టు ఉత్తర్వు ఉండాలన్నది. పెట్రోలు కారు ఎండకూ వానకూ తుప్పు పడుతుంది. విద్యుత్ కారుకు అంతకు మించిన ముప్పు ఉంది. చార్జి అయిపోయిన లిథియం బ్యాటరీని నెలల తరబడి అలాగే వదిలేస్తే అది శాశ్వతంగా దెబ్బతినవచ్చు. కారు విలువలో పెద్ద భాగం అదే. కనుక కారును విడిపించే దరఖాస్తులోనే, ఈలోగా బ్యాటరీకి చార్జింగ్ పెట్టే అనుమతి కూడా యజమాని కోరడం తెలివైన పని.

బడుగుల బండికి దిక్కెవరు?

ఫోనులో జాడ చూసుకోగల కారు యజమాని స్థితే ఇలా ఉంటే, ఉత్తరాది నగరాల్లో లక్షలాది ప్రయాణికులను మోసే ఈ-రిక్షా నడిపేవాని పరిస్థితి గోరుచుట్టుపై రోకటిపోటు. 2014లో ఢిల్లీ హైకోర్టు నిషేధం, ఆ తర్వాత కేంద్రం నిబంధనలు, 2015లో చట్ట సవరణ దాటుకుని ఈ బండ్లు చట్టబద్ధమయ్యాయి. ప్రజారవాణా వాహనాలకు జాడ తెలిపే పరికరాన్ని తప్పనిసరి చేసిన నిబంధన మాత్రం ఈ-రిక్షాలను మినహాయించింది. ఖర్చు తగ్గించేందుకు ఇచ్చిన ఆ మినహాయింపు దొంగకు కూడా కలిసివచ్చింది.

ఇక్కడ బండి మొత్తం పోనక్కరలేదు. సీటు కింద ఉండే నాలుగు సీసపు బ్యాటరీలు పోతే చాలు, ఆ ఇంట పొయ్యి వెలగదు. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. పాత ఇనుప సామాన్లు కొనేవాని దగ్గర దానికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. సీసాన్ని కరిగించిన తర్వాత అది ఎవరిదో చెప్పగల గుర్తు మిగలదు. బండి ఉండి బ్యాటరీ మాత్రమే పోతే పరిహారం వస్తుందా రాదా అన్నది పాలసీ షరతులను బట్టి ఉంటుంది కనుక, కొనేటప్పుడే లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

వాడిన బ్యాటరీల సేకరణ బాధ్యతను ఉత్పత్తిదారులపై మోపుతూ 2022లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. పాత బ్యాటరీని కొనే ప్రతివారూ దాని సంఖ్యను, అమ్మినవాని వివరాలను నమోదు చేసేలా ఈ ఏర్పాటును చివరి దుకాణం దాకా అమలు చేస్తే చోరీ సొత్తుకు గిరాకీ తగ్గుతుంది. దొంగ వెంట పరుగెత్తడం కంటే దొంగసొమ్ము కొనేవాని తలుపు మూయించడం సులభం. విద్యుత్ వాహనాలను ప్రోత్సహించేందుకు రాయితీలు ఇచ్చే ప్రభుత్వాలు, ఆ వాహనం పోయిన నాడు పేదవాడు నిలదొక్కుకునే చవక బీమాపైనా దృష్టి సారించవలసి ఉంది.