పక్క తడిపే చెల్లెళ్ళు - మనం చెయ్యవలసింది

మన హాస్టల్లో మూడో తరగతి, నాల్గో తరగతి చెల్లెళ్ళు కొందరు రాత్రిపూట పక్క తడుపుతారు. తెల్లారేసరికి ఆ దుప్పటి చుట్టి ట్రంకుపెట్టె వెనక దాస్తారు, ఎవరన్నా చూసి నవ్వుతారని. ఇది బద్ధకం కాదు. గాలి సోకడమూ కాదు.

మరి ఎందుకు అవుతుంది? పొట్ట కింది భాగంలో మూత్రాశయం అనే సంచి ఉంటుంది. అది నిండగానే మెదడుకి కబురు వెళ్తుంది, మనకి మెలకువ వస్తుంది. కొందరు పిల్లలకి మొద్దునిద్ర, ఆ కబురు అందదు. ఇంకొకటి, రాత్రిపూట మూత్రం తక్కువ తయారయ్యేలా చేసే హార్మోను మన ఒంట్లో ఉంది. కొందరు పిల్లల్లో అది ఇంకా చాలినంత తయారవదు. అమ్మకో నాన్నకో చిన్నప్పుడు ఉంటే పిల్లలకీ రావచ్చు. మలబద్ధకం ఉన్నా సంచి మీద ఒత్తిడి పడుతుంది.

5 ఏళ్ళ పిల్లల్లో 100కి సుమారు 15 మందికి ఇది ఉంటుంది. 10 ఏళ్ళ పిల్లల్లో సుమారు 5 మందికే. అంటే చాలామందికి వయసుతోబాటే పోతుంది.

ఇంటి దగ్గర అవ్వ పక్కన పడుకున్న పిల్ల ఇక్కడికొచ్చాక బెంగతో మళ్ళీ తడపవచ్చు. చీకట్లో బాత్రూంకి పోవడానికి భయపడి బిగపట్టుకునేవాళ్ళూ ఉంటారు. తిడితే, కొడితే తగ్గదు, భయం ఇంకా పెరుగుతుంది. సిగ్గుతో పండగ సెలవులకి వెళ్ళిన పిల్ల తిరిగి రాకపోతే? ఒక దుప్పటి వల్ల చదువు పోకూడదు కదా!

అక్కలం మనం చెయ్యవలసినవి:

1. పగలు నీళ్ళు బాగా తాగించాలి. పడుకునే ముందు గంట, రెండు గంటలు మాత్రం తక్కువ తాగాలి. సాయంత్రం టీ వద్దు.

2. పడుకోబోయే ముందు పాసుకి తీసుకెళ్ళాలి. రాత్రి లేచి పిలిస్తే విసుక్కోకుండా తోడు వెళ్ళాలి.

3. పొద్దున్నే స్నానం చేయించి, తడి దుప్పటి ఉతికి ఎండలో వెయ్యాలి. పేర్లు పెట్టి పిలవకూడదు.

మూత్రంలో మంట, జ్వరం, విపరీతమైన దాహం, బరువు తగ్గడం ఉన్నా, పగలు కూడా తడుపుతున్నా, ఆరు నెలలు బాగుండి మళ్ళీ మొదలైనా నర్సమ్మకి చెప్పి డాక్టరుగారికి చూపించాలి. దీనికి మందు కూడా ఉంది.

వార్డెన్ మేడం గారికి మా మనవి: వరండాలో రాత్రంతా ఒక లైటు వెలగనివ్వండి. చిన్నపిల్లలకి తలుపు దగ్గర చోటు, ఇంకో దుప్పటి ఇప్పించండి.

- 9వ తరగతి విద్యార్థిని